పాదాల వంతు

మిరపకాయ నాకు పడదు. తినను అనడం లేదు, పడదు అంటున్నాను. ఈ రెండింటికీ ఉన్న తేడా మా ఊరికి అరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఊరికి ఇంకా తలకెక్కలేదు.

ఒక గింజ తగిలితే పెదవి పెనం మీది రొట్టెలా పొంగుతుంది. గొంతులోకి దిగితే గొంతు మూసుకుపోతుంది. ఎండు మిరపకాయలు వేయించిన పొగ సోకినా చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. చిన్నప్పుడు మా అమ్మ దిష్టి అనుకుని కోడిగుడ్డుతో తీసింది. ఫాదరు దెయ్యం అనుకుని మంత్రించిన నీళ్లు చల్లాడు. మా నాన్న మొండితనం అనుకుని ఒకసారి ముక్కు మూసి బలవంతంగా తినిపించాడు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అనుకోలేదు.

మాది శాన్ మతియో లోమా లార్గా. వహాకా లోయలో ఉన్న చాలా ఊళ్లలాగే ఇక్కడ కూడా మిరపకాయ లేకుండా ఎవరూ పుట్టరు, పెళ్లాడరు, చావరు. బడిలో నాకు పెట్టిన పేరు పాలపిల్లాడు. తల నెరిశాక ఊళ్లోవాళ్లు మర్యాద నేర్చుకుని దోన్ పాలపిల్లాడు అంటున్నారు. నా అసలు పేరు నికాసియో.

ఇలా బతకడానికి తెలివి అక్కర్లేదు, పట్టుదల చాలు. పెళ్లికి వెళితే నా పళ్లెం, నా చెంచా, నా మూట నాతోనే ఉంటాయి. ఇంకొకరి గ్లాసులో తాగను. కోతల కాలంలో ఎవరితోనూ చేయి కలపను. సంతలో ఎండు మిరప వరస వదిలి పూలమ్మేవాళ్ల వైపు నుంచి నడుస్తాను, దూరమైనా సరే. నవ్వేవాళ్లు నవ్వుతారు. నాకు జాలి వద్దు. జాలిపడ్డవాళ్లే "మీకోసం కొంచెమే వేశాం" అని పెట్టి నన్ను చంపబోయారు. తిట్టినవాళ్ల వల్ల నాకు ఎప్పుడూ ప్రమాదం రాలేదు.

నా భార్య ఒబ్దూలియా నల్లమోలేకి, అంటే మాడ్చిన మిరపకాయలు నూరి కాచే నల్లటి పులుసుకి, పేరుపడ్డ ఇంటి పిల్ల. పెళ్లయిన మర్నాడు గాడిద మీద తన తల్లి సన్నికల్లు తెచ్చుకుంది. నేను గుమ్మంలోనే ఆపాను. "కడిగాను" అంది. "రాయిని కడిగితే మిరప పోదు" అన్నాను. కాసేపు ఆలోచించి, అదే గాడిద మీద వెనక్కి పంపి కొత్త రాయి కొనుక్కుంది. ఇక నా ఇంట్లోకి మిరపకాయ రాలేదు. ఆదివారాలు అక్క తెయోఫిలా ఇంటికి వెళ్లి కడుపారా మోలే తిని, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, జాకెట్టు మార్చుకుని వచ్చేది. ఎప్పుడూ సణగలేదు. నేను కృతజ్ఞతలు చెప్పలేదు. ఆమె అడగలేదు.

పోయిన ఏడాది వానలు మొదలైనప్పుడు చక్కెర జబ్బుతో పోయింది. మాకు పిల్లలు లేరు.

శవపేటిక ఉంచిన చోట నేల మీద రంగుల ఇసుకతో ముగ్గు వేసి, మధ్యలో సిలువ గీస్తారు. తొమ్మిదో రోజున ఆ సిలువను అయిదు వంతులుగా ఎత్తి పెట్టెలో పోసి, శ్మశానానికి తీసుకెళ్లి సమాధిలో కలుపుతారు. తల, రెండు చేతులు, గుండె జ్ఞానపితలూ జ్ఞానమాతలూ ఎత్తుతారు. పాదాలు మాత్రం ఇంటి మనిషివి. పోయింది భార్య అయితే భర్తవి. పాదాలు ఎత్తితే గానీ పోయినవాళ్లు ఇంట్లోంచి కదలరు. తనవాళ్ల చేయి పడకపోతే తిన్నగా పోలేరని మా పెద్దవాళ్ల మాట.

ఆ రోజు వంట పోయినవాళ్ల పెరట్లోనే జరగాలి. చచ్చినవాళ్లు తినేది వాసనే కాబట్టి, మిరపకాయలు వేయించడం దగ్గర నుంచీ అక్కడే. నేను వద్దన్నాను. తెయోఫిలా "ఒక్క రోజు పొలం గట్టున కూర్చోలేవా" అంది. నా భార్య సిలువ వదిలి పొలం గట్టున ఎందుకు కూర్చుంటాను? ముగ్గు పక్కనే కూర్చున్నాను. నల్లమోలేకి మిరప గింజలను బొగ్గయ్యేదాకా కాలుస్తారు. ఆ పొగ కిటికీలోంచి వచ్చింది. ఇసుక అంచు మీద పడిపోయాను. బండి మీద వేసి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. నేను తిరిగొచ్చేసరికి నేల ఊడ్చి ఉంది. పాదాలు తెయోఫిలా మొగుడు ఒనోరియో ఎత్తాడు.

"నీకోసమే ఎత్తాను కొంపాద్రే" అన్నాడు. అతని పెద్దకొడుకుని జ్ఞానస్నానంలో పట్టిన జ్ఞానపితను నేను, అందుకని ఆ పిలుపు. అతని మొహం మీద తలుపు వేశాను. ఏడాదిపాటు ఆ ఇంటివాళ్లెవరికీ తీయలేదు.

సంవత్సరీకం నాడు ముగ్గు మళ్లీ ఒకసారి వేస్తారు. ఆ తర్వాత ఇక లేదు. ఈసారి పాదాలు నేను ఎత్తకపోతే ఎప్పటికీ ఎత్తను. నాకు కావలసింది ఆ ఒక్కటే. కానీ రక్తసంబంధం ఉన్న ఆడవాళ్లు వంట చేయకపోతే ప్రార్థన పాడేవాడు నోరు తెరవడు. రక్తసంబంధం అంటే తెయోఫిలాయే.

వెళ్లాను. ఆమె ఇంటి కప్పు మీద మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, లోపలికి పోకుండా గోడ ఇవతల బాట మీదే నిలబడ్డాను. తెయోఫిలా అరుగు మీద కూర్చుని టర్కీ కోడి ఈకలు పీకుతోంది. ఒనోరియో వల ఉయ్యాలలో పడుకుని ఉన్నాడు.

"వదినా."

ఆమె తల ఎత్తలేదు. "ఏడాదికి గొంతు వచ్చిందా పాలపిల్లాడికి?"

"వచ్చే శనివారం సంవత్సరీకం."

"నాకు తెలీదా? అది నా చెల్లెలు. ఈ చంకనెత్తుకుని పెంచిన పిల్ల. నువ్వొచ్చి చెప్పాలా?"

"వంట ఇక్కడే చెయ్యి."

ఈకలు పీకే చేయి ఆగింది. "ఏంటీ?"

"పాదాలు ఎత్తేదాకా మిరపకాయ నా గుమ్మం దాటకూడదు. ఎత్తాక కుండలు తెచ్చుకోండి. ఊరంతా తినండి. నేను బయటికి పోతా."

"చచ్చినవాళ్లకి వాసనే అన్నం, మరిదీ. నా ఇంట్లో వండితే దాని నోటికేం అందుతుంది? వాసన లేకపోతే ఇంటికి దారెలా పట్టుకుంటుంది?"

"ముప్పై ఏళ్లు వాసన లేని ఇంటికే రోజూ దారి తప్పకుండా వచ్చింది."

"ఆకలితో వచ్చేది! ఆదివారం నా దగ్గర రెండు పళ్లాలు ఊడ్చేది, తెలుసా నీకు?"

"తెలుసు. ఊడ్చి నా ఇంటికే వచ్చేది."

ఉయ్యాలలోంచి ఒనోరియో నవ్వాడు. "ఈ దెబ్బ నీకేనే ముసలీ."

"నువ్వు నోర్ముయ్. ఉయ్యాల తాడు కోసేస్తా."

ఒనోరియో లేచి కూర్చున్నాడు. మంచి మనిషినన్న నమ్మకం అతనికి ఎక్కువ. "అది కాదు కొంపాద్రే. నీ ఒంటికి కష్టం కదా. కావాలంటే ఈసారి కూడా పాదాలు నేనే…"

"వాటి దగ్గరికొస్తే నీ చేతులు విరుస్తా."

"చూశావా ముసలీ? మంచికి పోతే ఇదీ వరస."

తెయోఫిలా కోడిని పక్కన పడేసి గోడ దగ్గరికి వచ్చింది. "మా అమ్మ రాయిని గుమ్మంలోంచి వెనక్కి పంపించావు. ఊరంతా చూసింది. నేనింకా మర్చిపోలేదు."

"మర్చిపోమనలేదు. వంట ఇక్కడ చెయ్యమన్నా."

"ఇంకా ఏం చెయ్యాలి దొరగారికి? వండినవాళ్లందరూ తలంటు పోసుకుని, జాకెట్లు మార్చుకుని, చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని రావాలా?"

వెక్కిరించడానికే అడిగింది.

"అవును" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. ఒబ్దూలియా కళ్లు కూడా అలాగే ఉండేవి. అందుకే నేను కోడి వైపు చూశాను.

"సరే" అంది. "నీకోసం కాదు. నా చెల్లెలు అటూ ఇటూ కాకుండా గుమ్మంలో నిలబడిపోకూడదని. ఒక్క మిరపకాయ నీ గుమ్మం దాటదు. మాటిస్తున్నా."

"నిలబెట్టుకుంటే నిలబెట్టుకున్నావని చెబుతా. అంతకు మించి ఏం చెప్పను."

"వినడానికి ఇక్కడెవరూ చెవులు కోసుకోవట్లేదులే. పో, ఎండలో నిలబడకు."

వచ్చేటప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఆగాను. అక్కడ నర్సు యాదిరా. కిందటిసారి నన్ను బతికించింది ఆమె. చిన్న వయసు, పెద్ద నోరు.

"శనివారం మళ్లీ ముగ్గు దగ్గర కూర్చుంటారా?" అంది. "కిందటిసారి నీలంగా వచ్చారు దోన్ నికాసియో. ఈసారి ఏ రంగులో వద్దామని?"

"రాను."

"వస్తారు. అందుకే నేనే మీ ఇంటికొస్తా, సిరంజీ పట్టుకుని. ఎలాగూ దోన్యా తెయోఫిలా మోలే తినాలి కదా."

"గుమ్మం బయట తిను."

"అబ్బో, ఎంత మర్యాద!" అంది.

శనివారం పొద్దున్నే ఇసుక వేసేవాళ్లు వచ్చి ముగ్గు పూర్తి చేశారు. నల్ల గౌను వేసుకున్న మాత బొమ్మ, చుట్టూ తెల్ల లిల్లీలు, మధ్యలో సిలువ. పాదాలు తలుపు వైపు. బాగా వేశారు. బాగుందని చెప్పాను. ఆ రోజు నేను అన్న మంచి మాట అదొక్కటే.

తర్వాత కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాను. వచ్చినవాళ్లందరి చేతులూ వాసన చూశాను. కొంతమంది నవ్వారు, కొంతమంది తిట్టారు, అందరూ చేతులు చాపారు. ప్రార్థన పాడే సిరిలో తన రెండు చేతులూ నా ముక్కు కింద పెట్టి, "సరిహద్దు దగ్గర కూడా ఇంత సోదా లేదయ్యా. బూట్లు కూడా విప్పమంటావా?" అన్నాడు.

"టోపీ తియ్యి."

"టోపీలో ఏముంటుంది?"

"కిందటి పెళ్లిలో టోపీలోంచి పచ్చిమిరపకాయ తీసి కొరుక్కుతిన్నావు."

సిరిలో టోపీ తీసి దులిపాడు. ఏమీ రాలలేదు. అవమానపడ్డట్టు లోపలికి వెళ్లాడు.

ఒనోరియో జేబులో పొట్లం దొరికింది. చిట్టి మిరపకాయలు, కందిగింజంత ఉంటాయి, వాటి ఘాటు చాలా ఎక్కువ.

"ఇది మిరపకాయ కాదు కొంపాద్రే, నా పంటినొప్పి మందు" అన్నాడు.

"మీ ఇంట్లో పెట్టి రా."

"అంత దూరమా?"

"అయితే అక్కడే ఉండు."

గొణుక్కుంటూ వెళ్లి, పెట్టి, వచ్చాడు. చేతులు మళ్లీ కడిగించాను.

తెయోఫిలా, వంట ఆడవాళ్లు చివర్లో వచ్చారు. అందరి తలలూ తడిగా ఉన్నాయి. జాకెట్లు ఉతికినవి. తెయోఫిలా నిమ్మ వాసన వేసే చేయి నా ముఖం మీదికి చాపి, "ముద్దు పెట్టుకుంటావా?" అంది. వెనకున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. రెండో చేతిలో ధూపం వేసే మట్టి మూకుడు ఉంది. అందులో నిప్పులు, పైన బూడిద కప్పి ఉంది. మా పద్ధతి అది. పోయినవాళ్ల ధూపానికి నిప్పు వాళ్ల కోసం వండిన పొయ్యిలోంచే రావాలి. నేను చేతులు చూశాను, జేబులు చూశాను, టోపీలు చూశాను. నిప్పును ఎవరు సోదా చేస్తారు?

"పోనీ" అన్నాను.

పాట మొదలైంది. సిరిలో ముక్కుతో పాడతాడు, కానీ ఒక్క మాటా తప్పడు. తల ఎత్తారు. కుడి చేయి ఎత్తారు. ఎడమ చేయి ఎత్తారు. చిన్న చీపురుతో ఇసుకను సొరకాయ డొప్పలోకి తోసి, డొప్పను పెట్టెలో వంపుతారు. గుండె ఎత్తేటప్పుడు ఆడవాళ్లు ఏడ్చారు. తెయోఫిలా ఏడవలేదు. నేనూ ఏడవలేదు. బయట ఆకాశం మబ్బు పట్టింది.

సిరిలో పాట ఆపి, అడగవలసినట్టు అడిగాడు. "పాదాలు ఎవరివి?"

"నావి" అన్నాను.

మోకాళ్ల మీద కూర్చుని చీపురు అందుకున్నాను. పాదాల దగ్గరే ధూపం వేస్తారు. తెయోఫిలా నా పక్కన వంగి, మూకుడులో బూడిద తప్పించి, నిప్పుల మీద ఊది, సాంబ్రాణి వేసింది. తెల్లటి పొగ లేచింది. మంచి వాసన. ఒబ్దూలియా పోయిన రోజు కూడా ఇదే వాసన.

ముందు ఒనోరియో తుమ్మాడు.

తర్వాత నాకు తగిలింది. ముక్కు లోపల, గొంతు పైభాగంలో, సన్నటి సూది. ఆ పోటును నేను నా పేరు కంటే ముందు నేర్చుకున్నాను. తెయోఫిలా పొయ్యి మీద పెనంలో తెల్లవారుజాము నుంచీ మిరపకాయలు వేగాయి. పెనం అంచు మీంచి గింజలు నిప్పుల్లో రాలాయి. కాలిపోకుండా బూడిద వాటిని కాపాడింది. ఆమె ఊదింది, అవి అంటుకున్నాయి.

కిటికీ దగ్గర దగ్గులు మొదలయ్యాయి. అందరూ నన్ను చూశారు, తర్వాత తలుపును చూశారు. నా ఛాతీలో పిల్లి కూసింది.

ఒనోరియో ఒక అడుగు ముందుకు వేసి చేతులు చాపాడు. "నువ్వు బయటికెళ్లు కొంపాద్రే. నేను చూసుకుంటాలే."

కిందటేడు కూడా ఇదే గొంతుతో అని ఉంటాడు.

ఊపిరి బిగబట్టాను. చీపురు కింద పెట్టాను. తెయోఫిలా చేతుల్లోంచి మూకుడు లాక్కున్నాను. అది కాలుతోంది, కాలనిచ్చాను. లేచి, గుమ్మంలోంచి పెరట్లోకి విసిరేశాను. అది రాయి మీద పడి పగిలింది. నిప్పులు నేల మీద చిందాయి.

ఇల్లంతా ఒక్కసారి అరిచింది. "చచ్చినదాని నిప్పు పారేశాడు!" "పాపం చుట్టుకుంటుంది!" సిరిలో సిలువ గుర్తు వేసుకున్నాడు. తెయోఫిలా నా చొక్కా పట్టుకుంది. "పిచ్చి పట్టిందా నీకు? నా చెల్లెల్ని చీకట్లో నిలబెడతావా?"

"గింజలు" అన్నాను. గొంతు అప్పటికే సన్నబడింది. "నిప్పుల్లో గింజలు."

ఆమె పగిలిన మూకుడు వైపు చూసింది. ఎన్ని వేల సార్లు మిరపకాయలు వేయించిన మనిషి! ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. చొక్కా వదిలేసింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

యాదిరా నన్ను బయటికి ఈడ్చి, ప్యాంటు మీంచే తొడలో సూది గుచ్చింది. "బండి కట్టించండి" అని కేకేసింది.

"వద్దు."

"పెదవులు చూసుకున్నారా? పాదాలు తర్వాత ఎత్తొచ్చు."

"తర్వాత లేదు. ఇదే ఆఖరు."

"దోన్ నికాసియో, చస్తారు!"

"మందు వేశావుగా. పని చెయ్యనీ."

ఆమె నా మణికట్టు పట్టుకుని, నన్ను తిడుతూ, నాడి లెక్కపెట్టింది. లెక్క ఆమెకు నచ్చినట్టుంది, తిట్లు తగ్గాయి. "ఇంకో ఇంజెక్షన్ ఉంది నా దగ్గర. మళ్లీ ఎక్కువైందా, తాళ్లతో కట్టయినా తీసుకుపోతా" అంది.

"గుమ్మంలో కుర్చీ వెయ్యండి" అన్నాను. "అందరూ బయటికి రండి. కిటికీలన్నీ తీయండి. పాదాలు ఎవరూ ముట్టుకోవద్దు."

గుమ్మానికి అడ్డంగా, పెరటి గాలికి ఎదురుగా కూర్చున్నాను. నా వీపు వెనక సిలువలో పాదాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. నన్ను దాటితే గానీ ఎవరూ వాటి దగ్గరికి పోలేరు. పొగ నా పక్క నుంచి కాకుండా వెనక కిటికీలోంచి పోతోంది. ఒక్కో ఊపిరీ సన్నటి గొట్టంలోంచి పీల్చినట్టు లోపలికి తీసుకున్నాను. చేతులు మంటపుడుతున్నాయి. మందుకు గుండె గబగబా కొట్టుకుంటోంది. కొట్టుకోనీ.

వాన మొదలైంది. ఊరంతా నా పెరట్లో తడుస్తూ నిలబడింది.

"వాన పడుతోంది కొంపాద్రే" అన్నాడు ఒనోరియో.

"పడనీ."

"లోపల పొగ పోయింది చూడు."

"పోలేదు."

సిరిలో పుస్తకాన్ని చొక్కాలో దాచుకుని దగ్గరికి వచ్చాడు. "నాకు ఇంకో ఇంట్లో పాట ఉందయ్యా."

"పో. నేనే పాడుకుని ఎత్తుకుంటా."

"గొంతే లేదు నీకు. ఏం పాడతావు?"

"గురక పెడతా."

జనంలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. సిరిలో కూడా మూతి తిప్పుకున్నాడు గానీ పోలేదు. కాసేపటికి అసలు సంగతి ఎత్తాడు. "పొగ పోయిందే అనుకో. మరి నిప్పు? పాదాలకి ధూపం లేకుండా నేను పాడను. ఆ పొయ్యిలో నిప్పు నీకు పనికిరాదు. ఇంకో పొయ్యిలో నిప్పు ఆమెకి పనికిరాదు. ఆమెకోసం వండిన పొయ్యిలోదే కావాలి. అది నేను పెట్టిన పద్ధతి కాదు."

అయినా నేను లేవలేదు. కూర్చునే ఉన్నాను.

జవాబు తెయోఫిలా నోటి నుంచి వచ్చింది. తడిసిన జుట్టు ముఖానికి అంటుకుని, గోడకు ఆనుకుని ఉంది.

"ఈ ఇంట్లో పొయ్యి లేదా?" అంది.

"ఉంటే?" అన్నాడు సిరిలో. "అది వీడి చిక్కుడుగింజల పొయ్యి."

"ముప్పై ఏళ్లు నా చెల్లెలు వండింది ఆ పొయ్యి మీదే. వండుకుని తిన్నదీ దాని మీదే. నా దగ్గర ఆదివారమే తింది. మిగతా వారమంతా ఏ పొయ్యి మీద తింది? చెప్పు సిరిలో. నీ పుస్తకంలో చూసి చెప్పు."

సిరిలో పుస్తకం తీయలేదు.

ఆమె పెరటి వారన ఉన్న నా వంటింట్లోకి వెళ్లింది. ఒబ్దూలియా బతికుండగా ఒక్కసారి కూడా ఆ గడప తొక్కలేదు. పెంకు ముక్క మీద నిప్పులు తీసుకుని వచ్చింది. నా ముందు ఆగి, పెంకును తన ముక్కు దగ్గరకే పెట్టుకుని గాఢంగా పీల్చింది. కళ్ల నుంచి నీళ్లు కారేదాకా పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"ఏమీ లేదు" అంది. "చిక్కుడుగింజలూ, ఉప్పూ. ఎలా తిన్నదో నా తల్లి!"

నేను కుర్చీ జరిపాను.

లోపల గాలి శుభ్రంగా ఉంది. సాంబ్రాణి వేసింది, పొగ లేచింది, నాకేమీ కాలేదు. సిరిలో మళ్లీ అడిగాడు, "పాదాలు ఎవరివి?" నావి అన్నాను. గొంతు రాలేదు, పెదవులు కదిలాయి. అతనికి అర్థమైంది. అతను పాడాడు. నేను ఎడమ పాదం ఎత్తాను, కుడి పాదం ఎత్తాను. అంచున మిగిలిన నల్ల ఇసుకను వేలితో తీసి డొప్పలో వేశాను. తొందరపడలేదు. పెట్టె మూత నేనే వేశాను.

ఒనోరియో కిటికీ దగ్గర నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. చూశాను. అతను తల దించుకున్నాడు.

పాదాలు ఎత్తగానే ఎవరో కబురు చేసినట్టున్నారు. పెట్టె చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి మోలే కుండలు బాట మీద వస్తున్నాయి, ఒక్కోదాన్నీ ఇద్దరు మోస్తూ. మూతల కింద నుంచి ఆవిరి. మోసేవాళ్లు నన్ను చూసి, చెప్పకుండానే గోడ అవతలి వైపుకు జరిగిపోయారు. వాన సన్నబడింది.

"ముందు తినేసి పోదాం కొంపాద్రే" అన్నాడు ఒనోరియో. "శ్మశానం ఎక్కడికీ పారిపోదు."

"మీరు తినండి."

నేను నడిచాను. వెనక యాదిరా, ఇంజెక్షన్ సంచీతో. ఆ వెనక ఇంకెవరో. తిరిగి చూడలేదు. అడుగులు దగ్గరయ్యాయి. తెయోఫిలా.

మా ఊళ్లో పెద్ద వంటమనిషి గరిటె పట్టుకుంటే గానీ ఎవరూ పళ్లెం చాపరు. ఆమె నా వెనక వచ్చేసరికి కుండలు నా గేటు దగ్గరే ఉండిపోయాయి. చేసేదేమీ లేక ఊరంతా ఆకలితో, తడిబట్టలతో మా వెనక నడిచింది. సిరిలో నడుస్తూనే పాడుతున్నాడు. మధ్యమధ్య అతని కడుపు కూడా అరుస్తోంది.

"మోలే చల్లారిపోతుంది" అన్నాను. అది గొంతు కాదు, గీరడం.

"చల్లారనీ."

కొంతదూరం నడిచాం.

"కావాలని చెయ్యలేదు" అంది.

"తెలుసు."

"మాట నిలబెట్టుకున్నా. ఒక్క మిరపకాయా గుమ్మం దాటలేదు. గింజలు నాకు తట్టలేదు."

"నిలబెట్టుకున్నావు" అన్నాను. అది చెబుతానన్నాను కాబట్టి చెప్పాను.

"అయితే క్షమించినట్టేనా?"

"లేదు."

ఆమె ముక్కు చీది, శాలువా అంచుతో తుడుచుకుంది. "సరేలే. నువ్వు క్షమిస్తే నాకు భయమేసేది. నీ ఒంట్లో బాలేదనుకునేదాన్ని."

శ్మశానం మలుపు దగ్గర గాలి తిరిగింది. లోయలోంచి, ఊరి వైపు నుంచి వీస్తోంది, ఆమె మీంచి నా మీదికి. తలంటు పోసుకున్నా, జాకెట్టు మార్చుకున్నా, ఆ తడి జుట్టులో తెల్లవారుజాము పొయ్యి వాసన కొంచెం మిగిలే ఉంది. నేను చెప్పకముందే ఆమె లంగా అంచు కొంచెం పైకి పట్టుకుని, బురద గుంట దాటి, నాకు అవతలి పక్కకు మారింది.

యాదిరా శ్మశానం గేటు తీసింది. నేను ముందు లోపలికి నడిచాను.